ఓపిక, పట్టుదల అలవాటు చేసుకోవడం ఎలా?

ఏ పని మొదలుపెట్టినా వారానికే విసుగొస్తోంది, ఇంట్లోవాళ్ళ మీద ఊరికే చిరాకు పడుతున్నాను, ఏం చెయ్యాలి అని అడిగారు. నేనూ అలాగే ఉండేవాణ్ణి.

2019లో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. మెదడు ఎడమ పక్క దెబ్బతిని కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట కూడా పోయింది. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, నీళ్ళు కావాలని అడగలేక గ్లాసు వైపు చూసేవారు.

చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి, విప్పేటప్పుడు ముందు బాగున్న చేతికి అని ఫిజియోథెరపిస్టు నేర్పారు. చెయ్యి కాస్త కదలడం మొదలయ్యాక, బొత్తాలు ఆయన్నే పెట్టుకోనివ్వండి అన్నారు. నా తిప్పలన్నీ అక్కడే. బొత్తం కాజా దాకా వచ్చి జారిపోయేది. మళ్ళీ పట్టుకునేవారు, మళ్ళీ జారేది. ఆఫీసుకి టైమైపోతోందని అన్నీ నేనే టకటకా పెట్టేసేవాణ్ణి. ఓ రోజు అలా పెడుతుంటే నాన్నగారు ఎడమ చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపారు. కళ్ళనిండా నీళ్ళు.

మర్నాటి నుంచి అలారం అరగంట ముందుకి జరిపాను. నా కోపంలో సగం టైం చాలక వచ్చిందేనని అప్పుడు తెలిసింది. నిలబడితే తొందరపెట్టినట్టుంటుందని పక్కన కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. రోజుకి ఒక్క బొత్తమే, అదీ అన్నిటికంటే కిందది. వంగి చూస్తే కనబడుతుంది కాబట్టి తేలిక. అది సరిగ్గా పడటానికి నెలన్నర పట్టింది.

మామూలు మాట రాకపోయినా అంకెలు, శ్లోకాల లాంటి బాగా నోటికొచ్చినవి కొందరికి పలుకుతాయని స్పీచ్ థెరపిస్టు చెప్పారు. ఓ సాయంత్రం "రెండు రెళ్ళు..." అని ఆగాను. చాలాసేపటికి "నాలుగు" అన్నారు. వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. అప్పట్నుంచి రోజూ ఒక ఎక్కం. మొదటి మూడు నాలుగు నెలలు మార్పు బాగా కనిపించింది, తర్వాత నెమ్మదించింది. మానెయ్యాలనిపించింది ఆ రోజుల్లోనే. నోరు విప్పని రోజున కూడా పది నిమిషాలు పక్కన కూర్చునే లేచేవాణ్ణి. మధ్యలో రెండుసార్లు అరిచాను కూడా. మర్నాడు మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను.

మీరు కూడా ఒక్క పనే పట్టుకోండి, అవసరమనుకున్న దానికంటే ఎక్కువ టైం ఇవ్వండి. ఓపిక లేని రోజున కొంచెమే చెయ్యండి, కానీ చెయ్యండి. నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

నాన్నగారు ఇప్పుడు బొత్తాలన్నీ సొంతంగా పెట్టుకుంటారు. మెడ దగ్గరది మాత్రం నాకు వదిలేస్తారు, గడ్డం పైకెత్తి, కదలకుండా కూర్చుని.