బ్లాక్ బెల్ట్ వచ్చింది, ఇంటర్‌లో మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మూడో తరగతి నుంచి కరాటే నేర్చుకుంటోంది, ఈ ఏడాది బ్లాక్ బెల్ట్ వచ్చింది. స్పోర్ట్స్ కోటాలో సీటు, ఉద్యోగం వస్తాయని మాస్టర్ చెబుతున్నారు. తనేమో ఎంఎంఏ (బాక్సింగ్, కుస్తీ లాంటివన్నీ కలిపి బోనులో ఆడే పోటీ) ఫైటర్ అవుతానంటోంది. ఇంటర్‌లో చేర్చగానే మాన్పించేద్దామని మావారి మాట. అసలు కరాటే, తైక్వాండో, జూడోల్లో ఏది మంచిది? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ఊరు మారుతుంది, బెల్ట్ రంగు మారుతుంది, నాకొచ్చే ప్రశ్న మాత్రం ఇదే. మీరు అడిగింది మూడింటిలో ఏది మంచిదని. మీ టెన్షన్ మాత్రం ఆరేళ్ల డబ్బు, సమయం బూడిదలో పోసినట్టేనా అని. ముందు దానికి జవాబు: కాదు. అమ్మాయి ఒక్క పతకం తేకపోయినా కాదు.

మా తరం మగపిల్లలు సుమన్, భానుచందర్ గార్లను తెరమీద చూసి కరాటేలో చేరేవారు. ఇవాళ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, మేడల మీద, స్కూల్ గ్రౌండుల్లో ఎక్కడ చూసినా తెల్ల డ్రెస్సుల పిల్లలే. కేరళ కళరిపయట్టు, మణిపూర్ థాంగ్-తా, పంజాబ్ గత్కా లాంటి మన యుద్ధవిద్యలు ఖేలో ఇండియా యూత్ గేమ్స్ దాకా వచ్చాయి. నేర్చుకునేవాళ్లు ఇంతగా పెరిగారు కానీ, దాని మీద బతికేవాళ్ల రాబడి ఆ లెక్కన పెరగలేదు. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. బడికి నెలకు 5 వేలు, అదీ మూడు నెలలు. నేర్పే మాస్టరుకు అందులోంచే రావాలి.

స్పోర్ట్స్ కోటా సంగతి. ఆమధ్య ఒకబ్బాయి తండ్రితో కలిసి లావుపాటి ఫైలు పట్టుకొచ్చాడు. ప్లాస్టిక్ కవర్లలో 31 సర్టిఫికెట్లు, చాలావాటి మీద బంగారు అక్షరాల్లో ‘ఇంటర్నేషనల్ ఓపెన్’. అన్నీ ఎంట్రీ ఫీజు కట్టి ఫంక్షన్ హాళ్లలో ఆడినవే. బడి పిల్లల జాతీయ పోటీలు పెట్టే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ముద్ర ఉన్నది ఒక్కటీ లేదు. ఆ తండ్రి రెండోసారి మొదటి నుంచి కవర్లు తిప్పుకుంటూ వెళ్లాడు, ఎక్కడైనా ఉంటుందేమోనని. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. కోటాలో చూసేది పతకం రంగు ఒక్కటే కాదు, పోటీ ఎవరు పెట్టారు, కాగితం మీద సంతకం ఎవరిది అని కూడా. పైగా మన ఇంజినీరింగ్ సీట్లలో స్పోర్ట్స్ కోటా అర శాతం. అంటే 200 సీట్లకు ఒకటి, దానికి అన్ని ఆటల పిల్లలూ పోటీయే. దాన్ని నమ్ముకుని చదువు తగ్గించొద్దు.

మీరడిగిన పోలిక రెండు ముక్కల్లో చెబుతాను. కరాటే ఒలింపిక్స్‌లో ఉన్నది టోక్యోలో ఒక్కసారే. పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్‌లోనూ లేదు. తైక్వాండో 2000 నుంచి పతకాల ఆట, జూడో అయితే 1964లోనే వచ్చింది. పోటీల దారి ఆ రెండింటికీ గట్టిది. అంతమాత్రాన ఇష్టపడి నేర్చుకున్న కరాటేని వదిలించకండి. మారాలనిపిస్తే తనే చెబుతుంది.

ఎంఎంఏ దగ్గర మాత్రం నాకు నిజంగానే భయం. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీ అనే పెద్ద అమెరికన్ ఎంఎంఏ పోటీల్లో గెలిచి, అక్కడ గెలిచిన తొలి భారతీయురాలైంది. మీ అమ్మాయి ఫోన్లో ఆ వీడియో ఉండే ఉంటుంది. కానీ ఆమె చైనా యుద్ధవిద్య వుషులో జాతీయ ఛాంపియన్ అయ్యాకే ఆ బోనులో అడుగుపెట్టింది, అది పిల్లలకు ఎవరూ చెప్పరు. అక్కడ నెల జీతం ఉండదు. ఫైట్ ఉంటేనే డబ్బు. మోకాలు పోతే నెలల తరబడి ఇంట్లోనే. తలకు తగిలే దెబ్బల మాట తలుచుకుంటే, పద్నాలుగేళ్ల పిల్లని ఆ స్పారింగ్‌కి (ప్రాక్టీసు ఫైట్‌కి) పంపమని నేను చచ్చినా చెప్పను. పద్దెనిమిది నిండేదాకా జూడోలో పట్లు నేర్చుకోనివ్వండి. అప్పటికీ మనసు అటే లాగితే అప్పుడు మాట్లాడదాం. కోచ్ అవ్వాలంటే డిగ్రీ తర్వాత పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో డిప్లొమా ఉంది, వ్యాయామ విద్యలో బీపీఈడీ ఉంది. ఆ దారిలో చదువూ ఆటా రెండూ కలిసే నడుస్తాయి.

ఇప్పుడు మీ ఇద్దరికీ ఒక మాట. కోపమొచ్చినా సరే చెబుతాను. ఆడపిల్లకు రక్షణ అని చేర్పించింది మీరు. బెల్ట్ మారినప్పుడల్లా ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది మీరు. తనకు ఇష్టం పుట్టాక, ఇక చాలు అంటున్నదీ మీరే. ఆరేళ్లు ఎండా వానా చూడకుండా క్లాసుకి వెళ్లిన పిల్ల చదువు దగ్గర బద్ధకిస్తుందని ఎలా అనుకున్నారు? రోజుకో గంట ఆట మానితే ర్యాంకు వస్తుందన్నది వట్టి భ్రమ. అలా మాన్పించిన పిల్లలు ఆ గంటంతా గోడకేసి చూస్తూ కూర్చోవడం నేను చూశాను. అలాగని ‘నిజామాబాద్ నిఖత్ జరీన్ డీఎస్పీ అయింది, నువ్వూ అవ్వాలి’ అని నెత్తిన బరువు పెట్టకండి. నిఖత్ ఆట బాక్సింగ్. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాక వచ్చిన ఉద్యోగం అది.

ఈ వారంలో స్కూల్ పీఈటీని కలిసి అండర్-17 స్కూల్ గేమ్స్ సెలక్షన్లు ఎప్పుడో కనుక్కోండి. క్లాసు మాన్పించడం లేదని ఈ రాత్రే అమ్మాయికి చెప్పండి, వాళ్ల నాన్నగారి నోటితోనే చెప్పించండి. పదో తరగతి అయ్యాక కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ఫీజు కంటే ముందు, సాయంత్రం పిల్లల్ని ఎన్నింటికి వదులుతారో అడగండి.