పెర్నాంబుకోకు బయలుదేరే ముందు

చిరంజీవి శ్రావణికి పెద్దనాన్న ఆశీస్సులు.

బ్రెజిల్‌లోని పెర్నాంబుకోకు వెళ్లి చెరకు కూలీల కుటుంబాల మీద డాక్యుమెంటరీ తీయబోతున్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. అయినా ఫిలిం సొసైటీ మిత్రుల్లో నేను ఆ మాట చెప్పని వారు ఎవరూ మిగలలేదు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకో; ఆ ధ్రువపత్రం లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపవచ్చు. పోర్చుగీసు పాఠాలు మానకు.

నువ్వు పంపిన ప్రణాళిక చదివి మాత్రం కోపం వచ్చింది. ఇంకా కలవని కూలీలకు అప్పుడే మాటలు రాసిపెట్టావు. సరిగ్గా ఆ నేల మీదే, 1964లో, బ్రెజిల్ డాక్యుమెంటరీ దర్శకుడు ఎడ్వర్డో కౌటిన్హో అంతటి వాడు చేసిన పొరపాటు ఇది. పొరుగున ఉన్న పరాయీబా రాష్ట్రంలో 1962లో హత్యకు గురైన రైతు నాయకుడు జోవాన్ పెద్రో తెషైరా కథను ఆయన సినిమాగా తీయబూనారు. పెర్నాంబుకోలోని గలిలేయా అనే ఊరి రైతులే నటులు, నాయకుడి భార్య ఎలిజబెత్ పాత్రలో ఎలిజబెత్తే. కానీ వారి నోట పలికించినవి స్క్రిప్టులోని సంభాషణలు. ప్రభుత్వాన్ని కూల్చిన సైనిక కుట్రతో షూటింగు ఆగిపోయింది, సామగ్రిని సైన్యం పట్టుకుపోయింది. కుట్రకు ఆయన బాధ్యుడు కాడు. ఆ స్క్రిప్టు సంగతే నేను అంటున్నాను. 1981లో తిరిగి వెళ్లినప్పుడు ఆయన చేతిలో స్క్రిప్టు లేదు. మిగిలిన పాత దృశ్యాలను ఆ రైతులకే తెర మీద చూపించి, వారు చెప్పుకున్నది విన్నారు. ‘మార్తా’ అనే మారుపేరుతో మరో రాష్ట్రంలో అజ్ఞాతంగా బతుకుతున్న ఎలిజబెత్‌ను వెతికి పట్టుకున్నారు. మొదట పెద్దకొడుకు పక్కన ఉండగా ఆచితూచి మాట్లాడిన ఆవిడ, వీడ్కోలు వేళ కారు పక్కన నిలబడి, పోరాటం ఆగేది కాదని గొంతెత్తి చెప్పింది. అలా 1984లో పూర్తయిన ఆ సినిమా ‘కాబ్రా మర్కాదో పరా మొరేర్’ను మా సొసైటీలో చూసిన రోజున, అక్కడ కెమెరా ఆపనందుకే ఆయనకు దణ్ణం పెట్టాలని మీ పెద్దమ్మ అంది. సెలవు తీసుకునేటప్పుడు నువ్వూ కెమెరా సర్దేయకు.

తర్వాతి రోజుల్లో కౌటిన్హో మరో పద్ధతి పట్టారు. ముందుగా సహాయకులు వెళ్లి మనుషులతో మాట్లాడి వచ్చేవారు. ఆయన మాత్రం వారిని కెమెరా ముందే తొలిసారి కలిసేవారు, ఎందుకంటే ఒకసారి చెప్పేసిన కథను అదే మనిషికి మళ్లీ చెప్పమంటే అందులో ప్రాణం ఉండదు. రియో డి జనీరోలోని కోపకబానాలో 276 ఫ్లాట్లున్న భవనం గురించి 2002లో ‘ఎడిఫీసియో మాస్తర్’ తీసినప్పుడు ఆయన బృందం ఆ భవనంలోనే ఫ్లాటు అద్దెకు తీసుకుంది. నువ్వు కూడా హోటల్లో దిగకుండా ఆ ఊళ్లోనే గది చూసుకో.

చిన్నబుచ్చుకోకు తల్లీ, నిన్ను కాక ఇంకెవరిని కోప్పడతాను? ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: నువ్వు విమానం ఎక్కాక కూడా ఆ కూలీలు తమ చెరకు తోటల యజమానుల మధ్యే బతకాలి. ముఖం చూపవద్దని ఎవరైనా అంటే, అది ఎంత గొప్ప దృశ్యమైనా తీసెయ్యి.

ఆనాటి 1964 దృశ్యాలు మిగలడానికి కారణం, నెగటివ్‌లో ఎక్కువ భాగం అప్పటికే రియోలోని ల్యాబుకు చేరి ఉండటం. అందుచేత ఏ రోజు తీసింది ఆ రాత్రే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, రెండోదాన్ని వేరే చోట నమ్మకస్తుల దగ్గర ఉంచు. దాని ఖరీదు నేను పంపుతాను. మీ నాన్నను అడగకు.

మీ పెద్దనాన్న