వారం సెలవుకి మూడు ద్వీపాలు వద్దు, గోజో ఒక్కటి చాలు

"వారం సెలవులో మాల్టా, సిసిలీ, సాంటోరిని మూడూ చూడొచ్చా? కాస్త రిలాక్స్ అవ్వాలని ఉంది" అని ఒకరు అడిగారు. మూడూ తిరిగితే ఇంటికొచ్చాక ఇంకో వారం సెలవు పెట్టాలి. మధ్యధరా సముద్రంలో మాల్టా పక్కనే ఉన్న గోజో ద్వీపానికి వెళ్ళి, అక్కడే ఉండిపోండి. మొత్తం ద్వీపం 67 చదరపు కిలోమీటర్లే.

నేను జర్మనీలో ఉంటాను. నిరుడు జూన్‌లో నాన్న వచ్చినప్పుడు ఇద్దరం వెళ్ళాం. మొదటి రెండు రోజులు మాల్టాలో టూర్ వాళ్ళతో తిరిగాం. ప్రతి చోటా ఇరవై నిమిషాలు, ఆ వెంటనే "పదండి, పదండి". గోజోకి కూడా వీళ్ళు ఒక్క పూటే ఇస్తారు. అక్కడ సముద్రంలో ఉండే 'అజూర్ విండో' అనే పెద్ద రాతి కమాను 2017 మార్చిలో తుఫానుకి కూలిపోయింది. అయినా అది ఉన్నచోటికే తీసుకెళ్ళి ఫోటోలు దిగమంటారు! డబ్బిచ్చి అలసట కొనుక్కోవడం ఇది. మూడో రోజు టూర్ వదిలేసి చిర్కెవ్వా రేవులో ఫెర్రీ ఎక్కాం. పాతిక నిమిషాల్లో గోజోలో దిగిపోయాం.

మర్సల్‌ఫోర్న్ అనే చిన్న ఊళ్ళో గది తీసుకున్నాం. పొద్దున్నే ఒడ్డు వెంట నడుస్తుంటే ష్వెయ్నీ అనే చోట ఉప్పు మడులు కనిపించాయి. నాన్నది చినగంజాం, ముప్పై ఏళ్ళు అక్కడి ఉప్పు కొటార్లలోనే పనిచేశారు. గోజోలో మడులు మట్టిలో కట్టినవి కావు, మెత్తటి సున్నపురాయిలో గళ్ళు గళ్ళుగా తొలిచినవి. ఓ పెద్దాయన చీపురుతో ఉప్పు కుప్పలు చేస్తున్నాడు. నాన్న చేయి చాపితే గుప్పెడు పోశాడు. నాన్న నాలుక మీద వేసుకుని, "అమ్మాయ్, మట్టి వాసనే లేదే!" అన్నారు. ఆ పెద్దాయన "మెల్హ్" అన్నాడు, మాల్టీస్‌లో ఉప్పుని అలాగే అంటారు. నాన్న "ఉప్పు" అన్నారు. ఆ తర్వాత గంటసేపు సైగలే.

ఇంతలో డ్రోన్ పట్టుకున్న నలుగురు కుర్రాళ్ళు చెప్పులతో మడుల్లోకి దిగారు. "తినే ఉప్పురా, తొక్కకండి!" అని నాన్న తెలుగులోనే అరిచారు. తొక్కొద్దని అక్కడ బోర్డు కూడా ఉంది. ఒక రీల్ కోసం ఒకరి కష్టాన్ని తొక్కేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మిగిలిన నాలుగు రోజులూ అక్కడికే వెళ్ళాం. నాన్న పనివాళ్ళ పక్కన, నేను రాయి మీద. ఫోన్ గదిలోనే. మధ్యాహ్నం పెరుగన్నం తిని, కిటికీ తీసుకుని నిద్ర. ఆఫీసు టెన్షన్‌తో ఏడాదిగా పగలు కన్ను మూతపడని నేను రోజూ రెండు గంటలు పడుకున్నాను. పిరమిడ్ల కంటే పాతవైన జ్గంతియా గుడులు అదే ద్వీపంలో ఉన్నాయి, 5000 ఏళ్ళు దాటినవి. వాటికి వెళ్ళలేదు, ఆ బాధ కూడా లేదు.

జూలై, ఆగస్టు వద్దు, ఎండా జనమూ రెండూ ఎక్కువే. కారు కూడా వద్దు, బస్సులున్నాయి. వచ్చేటప్పుడు ఒక ఉప్పు పొట్లం కొనుక్కోండి. మా నాన్న తెచ్చుకున్నది చినగంజాంలో అమ్మ ఆవకాయలో వేసింది.