జీరో బీరు, ద్రాక్షారిష్టం: మందు మానేసినవాళ్లకు ఏది తాగినట్టు లెక్క?

మీరు అడిగింది ఇదీ: మందు మానేసి ఐదు నెలలైంది. మొన్న పెళ్లిలో స్నేహితులు జీరో బీరు, అంటే ఆల్కహాలు లేదని అమ్మే బీరు, చేతిలో పెడితే తాగారు. అరుగుదలకని ఆయుర్వేద వైద్యుడు రాసిన ద్రాక్షారిష్టం కూడా రెండు పూటలా వేసుకుంటున్నారు. మానేసినవాళ్లు కలుసుకునే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులో ఒకాయన "నువ్వు మానేసిన రోజుల లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే" అన్నారు. నిజమేనా?

నన్నడిగితే రెండింటికీ లెక్క మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. కానీ రెండూ ఆపెయ్యండి, అరిష్టం ముందు. అందరూ బీరు సీసా పేరు చూసి భయపడతారు గానీ మీ రెండింట్లో ఆల్కహాలు ఎక్కువున్నది అరిష్టంలోనే.

లెక్క కట్టడం తేలిక. ఎన్ని మి.లీ. తాగారో దాన్ని సీసా మీది శాతంతో గుణించి వందతో భాగిస్తే ఆల్కహాలు ఎన్ని మి.లీ. అనేది వస్తుంది. దాన్ని 0.79తో గుణిస్తే గ్రాములు. 42.8 శాతం విస్కీ లార్జ్ పెగ్గు, అంటే 60 మి.లీ.లో సుమారు 20 గ్రాములు. ఐదు శాతం బీరు 650 మి.లీ. సీసాలో 25 గ్రాములు దాటుతుంది. "బీరు మందు కాదులే" అనేవాళ్లు ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. నాన్ ఆల్కహాలిక్ అని అమ్మే సీసాలో మన నిబంధనల ప్రకారం అర శాతం వరకు ఉండొచ్చు. 330 మి.లీ.కి అది 1.3 గ్రాములు. 0.0 అని రాసి ఉంటే అదీ ఇంచుమించు ఉండదు.

ఇక అరిష్టం. అరిష్టమైనా ఆసవమైనా బెల్లమో పంచదారో వేసి పులియబెట్టేవే. ఆల్కహాలు బయటి నుంచి కలపరు, లోపలే పుడుతుంది. లేబుల్ మీద "సెల్ఫ్ జనరేటెడ్ ఆల్కహాల్" అని చిన్నక్షరాల్లో ఉంటుంది, చాలావాటి మీద పది శాతం దాకా రాసి ఉంటుంది. పూటకు 20 మి.లీ. చొప్పున రెండు పూటలకు మూడు గ్రాముల పైచిలుకు. సమాన భాగం నీళ్లు కలిపితే ఘాటు తగ్గుతుంది గానీ గ్రాములు తగ్గవు. అసలు ప్రమాదం ఈ మూడు గ్రాములది కాదు, సీసాది. 450 మి.లీ. సీసా మొత్తంలో ఉండే ఆల్కహాలు ఒకటిన్నర లార్జ్ పెగ్గులకు మించుతుంది. నిద్ర పట్టని రాత్రి కొలత మూత పక్కన పెట్టి సీసా ఎత్తితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. నెలకు సరిపడా తెచ్చింది పది రోజులకే అయిపోతుంటే అది మందుబిళ్ల లెక్కలోంచి మందు లెక్కలోకి వచ్చేసినట్టే. వైద్యుడికి సంగతి చెప్పి చూర్ణమో మాత్రలో రాయించుకోండి.

తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ బిళ్ల వాడుతుంటే మాత్రం ఇది రోజుల లెక్క కాదు, ప్రాణం లెక్క. ఆల్కహాలు ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. దాన్ని మళ్లీ విరగ్గొట్టే ఎంజైమును ఈ బిళ్ల ఆపేస్తుంది. ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టై, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం వరకు వెళ్లొచ్చు. అరిష్టం, కొన్ని దగ్గు సిరప్పులు, ఆల్కహాలున్న మౌత్‌వాష్, హోమియో చుక్కలు, కొందరికైతే గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను కూడా దీన్ని తెస్తాయి. బిళ్ల ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఒక మాట: ఈ బిళ్ల పొడి చేసి పప్పులోనో మజ్జిగలోనో తెలియకుండా కలపడం, "తెలియకుండా మాన్పించే పొడి" కొని తేవడం చెయ్యొద్దు. ఆయనకు తెలియక క్వార్టర్ వేస్తే ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం మీదికి రావచ్చు. తాగుడు మానడానికే రాసే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి బిళ్లలకు ఈ గొడవ లేదు. డాక్టరు రాసిన బిళ్ల వేసుకోవడం తాగడం కింద రాదు, మీటింగులో ఎవరేమన్నా సరే.

జీరో బీరు సంగతి వేరు. దాంట్లో గ్రాములు దాదాపు లేవు, మిగతావన్నీ ఉన్నాయి: మూత తీసిన చప్పుడు, నురుగు, చేదు, పక్కన అదే బ్యాచ్. మెదడుకు పాత దారి గుర్తుకు రావడానికి అవి చాలు. సాయంత్రం అయ్యేసరికి "ఇందులో ఏముందిలే, మామూలుదే ఒకటి తెద్దాం" అనే మాట వినపడేది అక్కడే. మొదటి ఏడాది వద్దంటాను. తర్వాత కూడా ఒక పరీక్ష పెట్టుకోండి: ఎండలో దాహమేసి ఇంట్లో ఉన్నప్పుడు మజ్జిగో నిమ్మరసమో దొరికినా ఇదే కావాలనిపిస్తోందా? అలా అనిపిస్తే అది దాహం కాదు.

కల్లుకు మినహాయింపేం లేదు. చెట్టు నుంచి వచ్చినా అది పులిసిన పానీయమే. పైగా తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారు. అలాంటిది అలవాటైనవాళ్లు హఠాత్తుగా మానితే ఫిట్స్, పొంతన లేని మాటలు వస్తాయి. దానికి ఇంటి వైద్యం పనికిరాదు. నీరా తియ్యగా ఉన్నంతసేపే నీరా. సున్నం పూసిన కుండలో పట్టి, వెంటనే చల్లబరచకపోతే కొన్ని గంటల్లో కల్లవుతుంది. కాబట్టి రోడ్డు పక్కన పది గంటలకు అమ్మే నీరాను నమ్మకండి. బోనాలకు కల్లు సాక పొయ్యాల్సి వస్తే ఇంట్లో ఇంకొకరితో పోయించండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

మందు మానేసి నిద్రకని అల్ప్రాజోలం మీ అంతట మీరే కొని వేసుకోవడం, గంజాయి, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు: ఇవి ఆల్కహాలు కాకపోయినా లెక్కలోకి వస్తాయి. జలుబుకు రెండు మూతల బ్రాందీ కూడా వస్తుంది. శానిటైజర్ చేతులకు రాసుకుంటే ఫరవాలేదు. తాగడం గురించైతే 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో ఏమైందో గుర్తుంది కదా, శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు.

చద్దన్నం, తరవాణి, ఇడ్లీ పిండి, బాగా మగ్గిన అరటిపండు, నూడిల్స్‌లో వెనిగర్ చుక్క గురించి బుర్ర పాడుచేసుకోకండి. డైసల్ఫిరామ్ వాడనివాళ్లకు హోమియో చుక్కలు పదంటే అర మి.లీ., గ్రాముల్లో లెక్కలోకి రాదు. అయినా నాలుక మీది ఆ ఘాటు పడదు, మాత్రలుగా ఇమ్మనండి. రమ్ము కేకు మాత్రం వద్దు. ఓవెన్‌లో ఆల్కహాలంతా ఆవిరైపోతుందనేది అపోహ. పిండిలో కలిపి అరగంట కాల్చినా మూడో వంతు మిగులుతుంది, కాల్చాక పైన పోసేదైతే అంతా ఉంటుంది.

పొరపాట్లు జరుగుతాయి. కూల్‌డ్రింకనుకుని పక్కవాడి గ్లాసు ఎత్తారు, గుక్క దిగాక తెలిసింది. అక్కడే పెట్టేసి, నోరు పుక్కిలించి, ఆ చోటు వదిలి, ఆ రోజే ఒకరికి ఫోన్ చేసి చెప్పండి. లెక్క కదలదు. తెలిశాక ఇంకో గుక్క తాగితే, లేదా తాగిన సంగతి దాస్తే, మళ్లీ ఒకటో రోజు. నేను గీత గీసేది ఇక్కడ: తెలిసి, మత్తు కోసమో ఆ రుచి కోసమో, చాటుగా. ఈ మూడింట్లో రెండున్నా తాగినట్టే అంటాను, పరిమాణం ఎంతైనా.

లెక్క మళ్లీ మొదలైనా పాత రోజులు చెరిపెయ్యకండి. "ఎలాగూ పోయింది, ఇవాళ ఫుల్ కొట్టి రేపట్నుంచి మానేద్దాం" అనే ఆలోచనను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ విడిగా పేరుపెట్టి మరీ వివరించాడు. జారడం కన్నా ఆ ఆలోచనే ఎక్కువ మందిని ముంచుతుంది. క్యాలెండర్‌లో 152 రోజుల్లో 151 అని రాసుకోండి. ఐదు నెలల తర్వాత ఒళ్లు పాత కోటాను తట్టుకోలేదనేది కూడా గుర్తుంచుకోండి. వరసగా కొన్ని రోజులు తాగేస్తే ఇంట్లో ఒక్కసారిగా ఆపకండి. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల్లో చేతులు వణికి మతి తప్పడం రావచ్చు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఎటూ తోచకపోతే 14446 డీ-అడిక్షన్‌కు, 14416 టెలీ మానస్‌కు.

(మాల వేసుకున్న 41 రోజులు ముట్టకుండా ఉన్నవాళ్లు "నేను ఎప్పుడైనా మానగలను" అంటుంటారు. మాల తీసే తేదీ ముందే తెలిసిన మానడం వేరు, తేదీ లేని మానడం వేరు.)

మీటింగులో ఆయన మాటకు బాధపడకండి. ఏఏలో చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత, ఎవరి తేదీ వాళ్లే చెప్పుకుంటారు. మీరు చెయ్యాల్సిందల్లా ఒక కాగితం మీద ఏవి వద్దు, ఏవి ఫరవాలేదు, ఏవి అడిగి వాడాలి అని రాసి, డాక్టరుకో, స్పాన్సరుకో (ఏఏలో మీకు తోడుండే పాత సభ్యుడికో), ఇంట్లోవాళ్లకో చూపించడం. పెళ్లి భోజనాల దగ్గర నిలబడి అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిన పని ఉండదు. ఆ కాగితంలో మొదటి పద్దు మీ ఇంట్లో ఉన్న అరిష్టం సీసా. దాన్ని ఇవాళే తిరిగి ఇచ్చెయ్యండి.