జడ్జ్ డ్రెడ్ సంపుటాలు: ఏది ముందు కొనాలి, అన్ని కథలూ ఉంటాయా?

జడ్జ్ డ్రెడ్ అంటే భవిష్యత్తులో పోలీసూ జడ్జీ తానే అయిన బ్రిటిష్ కామిక్స్ హీరో. అతని కథలు వరుసగా కావాలంటే ‘కంప్లీట్ కేస్ ఫైల్స్’ సంపుటాలే తీసుకోండి. అయితే ఒకటో నంబరుతోనే మొదలుపెట్టాలని రూలేమీ లేదు.

డ్రెడ్ 1977 మార్చిలో ‘2000 ఏడీ’ అనే బ్రిటిష్ వారపత్రిక రెండో సంచికలో మొదలయ్యాడు. రెబెలియన్ సంస్థ 2005 నుంచి ఆ కథల్ని పత్రికలో వచ్చిన క్రమంలోనే వేస్తోంది. ఈ క్రమానికి విలువ ఎందుకంటే, డ్రెడ్‌కి వయసు పెరుగుతుంది. మనకు ఏడాది గడిస్తే అతనికీ ఏడాది గడుస్తుంది. 1977లో వచ్చిన తొలి కథ 2099లో జరుగుతుంది.

మొదటి సంపుటంలో రచయితలు ఇంకా తడుముకుంటున్నట్టే ఉంటుంది. నన్నడిగితే ఐదోది ముందు చదవండి. ‘బ్లాక్ మేనియా’, దాని వెంటే ‘అపోకలిప్స్ వార్’ అనే కథలు అందులోనే ఉన్నాయి. పట్టుకుంటే వదలబుద్ధి కాదు. నచ్చితే రెండోదానికి వెనక్కి వెళ్లొచ్చు.

పాత సంపుటాలన్నీ నలుపు తెలుపే. పత్రికలో రంగుల్లో వచ్చిన నడిమి పేజీలను కూడా నలుపు తెలుపులోనే అచ్చేయడంతో అవి కాస్త అలికినట్టు కనిపిస్తాయి.

ఇక ‘కంప్లీట్’ అన్న పేరును మరీ నమ్మేయకండి. రెండో సంపుటంలోని ‘కర్స్‌డ్ ఎర్త్’ అనే కథలో బర్గర్ కంపెనీలను ఎగతాళి చేసిన భాగాలు లేవు. చట్టపరమైన చిక్కుల వల్ల చాలా ఏళ్లు వాటిని మళ్లీ అచ్చు వేయలేదు. 2016లో ‘అన్‌సెన్సార్డ్’ అని విడిగా వచ్చిన పుస్తకంలో అవి దొరుకుతాయి.