ఎం101 దొరకట్లేదా? లోపం టెలిస్కోప్‌ది కాదు

కూకట్‌పల్లి మేడ మీద 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌తో ఎం101 గెలాక్సీ దొరకట్లేదనీ, ప్రకాశం (మాగ్నిట్యూడ్; అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 7.9 అని ఉంది కాబట్టి కనిపించాలి కదా అనీ అడిగారు. మీ టెలిస్కోప్ బాగానే ఉందండీ. 7.9 అంటే గెలాక్సీ మొత్తం వెలుగు. ఆ వెలుగంతా దాదాపు చందమామంత వెడల్పున పరుచుకుని ఉంది. దూరం సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు, వ్యాసం 1.7 లక్షలు. ఈ సర్పిల (చుట్టలు తిరిగిన) గెలాక్సీ పళ్లెంలా మనవైపే తిరిగి ఉండటంతో వెలుగు పలచబడి నగరపు లైట్లలో కలిసిపోతుంది. నెబ్యులా ఫిల్టర్ మాత్రం కొనకండి, అది కొన్ని రంగుల వెలుగునే వదులుతుంది; గెలాక్సీలోని నక్షత్రాల వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి గెలాక్సీ వెలుగునీ కోసేస్తుంది.

అమావాస్య రోజుల్లో వికారాబాద్ దాటి అనంతగిరి వైపు వెళ్లండి. మే మధ్యలో రాత్రి 10:30కి ఉత్తరానికి తిరిగితే సప్తర్షుల్లో వశిష్ఠుడు, మరీచి కనిపిస్తాయి. వాటితో దాదాపు సమబాహు త్రిభుజం గీస్తే కుడివైపు మూల దగ్గరే ఎం101. 32 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టండి. కళ్లు చీకటికి అలవాటు పడేలా అరగంట ఫోన్ ముట్టుకోకండి. కొంచెం పక్కకు చూస్తూ ట్యూబ్‌ని మెల్లగా తట్టండి, కదిలే మసకను కన్ను తొందరగా పడుతుంది. ఫొటోల్లోలా సర్పిల భుజాలు ఆశించొద్దు.

మేడ మీద నుంచే కావాలంటే ఎం94 అనే గెలాక్సీని వెతకండి, దాని కేంద్రం చిన్నగా, గట్టిగా వెలుగుతుంది.