వేడి నీటి ఆవిరికి ఐఆర్ స్పెక్ట్రమ్ సరిగా రావాలంటే

మీ ప్రశ్న ఇదీ: కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) కిటికీలున్న గ్యాస్ సెల్‌ను (వాయువును నింపి కాంతి పంపే గొట్టాన్ని) 150 డిగ్రీలకు వేడి చేసి, నీటి ఆవిరి పంపి ఎఫ్‌టీఐఆర్‌లో (ఇన్‌ఫ్రారెడ్, అంటే ఐఆర్ స్పెక్ట్రమ్ తీసే మెషీన్‌లో) పెడితే 3400, 1640 సెం.మీ.⁻¹ల దగ్గర వెడల్పాటి గుట్టలు వచ్చాయి, ఎందుకు అని. మీకు కనబడింది ఆవిరి కాదు, కిటికీల మీద పేరుకున్న నీళ్లు. ఆవిరైతే 1595 చుట్టూ, మళ్లీ 3700 ప్రాంతంలో దువ్వెన పళ్లలా సన్నటి గీతలు రావాలి.

అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో కొన్నేళ్లు గ్యాస్ సెల్‌తో పనిచేశాను. కేబీఆర్ నీటికి కరిగే ఉప్పు, ముందు దాన్ని తీసేయండి. జింక్ సెలినైడ్ పెట్టండి. ఒక్కో కిటికీ దగ్గర 30 శాతం దాకా కాంతి ప్రతిఫలించి పోతుంది, అయినా పని నడుస్తుంది. హీటింగ్ టేపు సెల్ ఒంటికే చుడతాం కాబట్టి కిటికీలే అన్నిటికన్నా చల్లగా ఉంటాయి, ఆవిరి వెళ్లి అక్కడే నీరవుతుంది. కిటికీ ఫ్రేములకు వేరే హీటర్, వేరే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి, సెల్ కన్నా ఓ పది డిగ్రీలు ఎక్కువే ఉంచండి. వేడి మాత్రం మెల్లగా పెంచాలి, లేకపోతే కిటికీ పగులుతుంది.

నీళ్లు మరిగించి ఆవిరిని నేరుగా పంపడం నాకు నచ్చదు. ఒక అట్మాస్ఫియర్ ఆవిరి, 10 సెం.మీ. సెల్ అంటే బలమైన గీతల దగ్గర కాంతి మొత్తాన్ని ఆవిరే పీల్చేస్తుంది, కొలవడానికి ఏమీ మిగలదు. పొడి నైట్రోజన్‌ను 40 డిగ్రీల నీటి బబ్లర్ (వాయువు నీళ్లలో బుడగలుగా పోయే సీసా) గుండా పంపండి. అప్పుడు ఆవిరి పీడనం దాదాపు 55 మి.మీ. పాదరసం దగ్గర స్థిరంగా ఉంటుంది. ఎంత నీరో బబ్లర్ చెబుతుంది, ఎంత వేడో సెల్ చెబుతుంది. (మే నెలలో మా ల్యాబ్‌లో బబ్లర్‌కు హీటర్ అవసరమే ఉండేది కాదు!)

బ్యాక్‌గ్రౌండ్‌ను (ఆవిరి లేకుండా ముందు తీసే, పోల్చుకునే స్పెక్ట్రమ్‌ను) అదే సెల్‌లో, అదే వేడి మీద, పొడి నైట్రోజన్‌తో తీయాలి. బీమ్ నడిచే దారంతా కూడా నైట్రోజన్‌తో పర్జ్ చేయాలి, అంటే అక్కడి గాలిని వెళ్లగొట్టాలి. "మన రాయలసీమ గాలి పొడిదే కదా" అనుకోకండి. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉన్నా, 20 డిగ్రీల ఏసీ గదిలో 50 శాతం తేమ కన్నా అందులో ఆవిరి ఎక్కువే. కరెంటు పోయి ఏసీ ఆగితే పాత బ్యాక్‌గ్రౌండ్ వాడొద్దు, మళ్లీ తీయండి.

150 డిగ్రీలకే కొత్త పీకులు వస్తాయని ఎదురుచూడకండి. ఆ వేడిలో, అలాంటి పీకులు ఇవ్వగల అణువులు, అంటే వంగే కంపనం మొదటి మెట్టు మీద ఉండేవి, అర శాతం లోపే. అది 10 శాతం కావాలంటే 700 డిగ్రీలు దాటాలి. మీకు కనిపించే తేడా ఏమిటంటే, బ్యాండ్ మధ్యలో గీతలు కాస్త తగ్గి, అంచుల్లో గీతలు పెరుగుతాయి. దాన్ని పట్టుకోవడానికి 4 సెం.మీ.⁻¹ రిజల్యూషన్ (పక్కపక్క గీతలను విడదీసి చూపే శక్తి) చాలదు, మీ మెషీన్ ఇవ్వగలిగిన అతి సన్నటిది పెట్టి, హైట్రాన్ (వాయువుల స్పెక్ట్రమ్ గీతల డేటాబేస్) డేటాతో లెక్కగట్టిన గీతలతో పోల్చుకోండి.

బయటికొచ్చే ఆవిరిని ట్యూబుతో గది బయటికి పంపండి. ఎందుకంటే చాలా మెషీన్లలో బీమ్‌స్ప్లిటర్ (కాంతిని రెండుగా చీల్చే పలక) కూడా కేబీఆర్‌దే. పని అయ్యాక పొడి నైట్రోజన్‌తో సెల్‌ను బాగా ఊదాకే హీటర్లు ఆపండి.